ఇంట్లో కొన్నది, పనిలో అరిగేది

సొంత వాడకానికి కొన్న కంప్యూటరో, కెమెరానో, కుట్టుమిషనో ఒకరోజు బతుకుతెరువుగా మారుతుంది. దాని అరుగుదలకు ఆదాయపు పన్ను లెక్కలో చోటుంది. ఆ చోటును చాలామంది చేజేతులా వదులుకుంటున్నారు.

మన దగ్గర స్వయం ఉపాధి చాలావరకు కొత్త సామానుతో మొదలవదు. సినిమా ఎడిటరుగా స్థిరపడాలని కృష్ణానగర్‌లో గది తీసుకున్న కుర్రాడు, అంతకు రెండేళ్ల ముందు షార్ట్ ఫిల్ములు కట్ చేసుకోవడానికి కొనుక్కున్న కంప్యూటరు మీదే మొదటి సినిమా పని చేస్తాడు. పుట్టింటివాళ్లు ఇచ్చిన కుట్టుమిషను మీద ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టే ఆవిడ, ఒక శ్రావణమాసం గిరాకీ చూసి వీధిగదికి బోర్డు తగిలిస్తుంది. ఉద్యోగం మానేసి ఇంటినుంచే విదేశీ కంపెనీలకు కోడు రాస్తున్న అమ్మాయి చేతిలో ఉన్నది దసరా సేల్లో కొన్న లాప్‌టాప్. ఏడాది చివర లెక్కలు వేసుకునేటప్పుడు ముగ్గురూ అద్దె రాస్తారు, కరెంటు రాస్తారు, ఇంటర్నెట్ రాస్తారు. ఆ ఏడంతా సంపాదించి పెట్టిన వస్తువును మాత్రం రాయరు. ఎందుకు రాయలేదని అడిగితే “అది ముందునుంచీ ఇంట్లో ఉన్నదేగా” అంటారు.

ముందునుంచీ ఉన్నదైనా దాన్ని డబ్బు పెట్టే కొన్నారు. పనిలోకి దిగిన నాటినుంచి అది అరుగుతున్నది ఆ పని వల్లే. సంపాదనలోంచి ఆ అరుగుదల తీసేశాక మిగిలేదే ఆదాయం. దాన్ని తీయకుండా పన్ను కట్టడమంటే, సొంత మూలధనాన్నే ఆదాయంగా చూపించి దానిమీద పన్ను కట్టడం. అందుకే దీన్ని ప్రభుత్వం దయతలచి ఇచ్చే మినహాయింపుగా చూడకూడదని నా గట్టి అభిప్రాయం. ఆదాయాన్ని సరిగ్గా కొలవడంలో ఇదొక భాగం.

చట్టం కూడా ఆ దృష్టితోనే ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 32 ప్రకారం తరుగుదల, ఆడిటర్ల నోట డిప్రిసియేషన్, రావడానికి రెండే ముఖ్య షరతులు: వస్తువు మీ సొంతమై ఉండాలి, మీ వ్యాపారానికో వృత్తికో వాడుతూ ఉండాలి. వ్యాపారం కోసమే కొని ఉండాలని ఎక్కడా లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలోకి ఆదాయపు పన్ను చట్టం–2025 వచ్చింది. సెక్షన్ల సంఖ్య 819 నుంచి 536కు తగ్గింది, నంబర్లు మారాయి. జనం నోళ్లలో నానినవి పాత నంబర్లే కాబట్టి ఇక్కడ వాటితోనే చెప్పుకుందాం.

వీణకు చోటుంది, ఎద్దుకు లేదు

తరుగుదల యంత్రాలకూ ‘ప్లాంటు’కూ వస్తుందని చట్టం అంటుంది. ఆ మాట వినగానే పొగగొట్టాలు కళ్లముందు మెదిలి, ఇది మనకు సంబంధించింది కాదని పక్కన పెట్టేసేవాళ్లున్నారు. ప్లాంటు ఎంత విశాలమైందో తేల్చిన తీర్పుల్లో ఒకటి మన సికింద్రాబాద్ నుంచే వెళ్లింది. తాజ్‌మహల్ హోటల్ వాళ్లు తమ గదుల్లోని శానిటరీ సామానునూ నీటి గొట్టాలనూ ప్లాంటుగా చూపించారు, పన్ను శాఖ ఒప్పుకోలేదు. 1971లో సుప్రీంకోర్టు హోటల్ పక్షాన నిలిచింది. హోటలు నడవడానికి అవీ సాధనాలేనంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన మరో కేసు, సైంటిఫిక్ ఇంజినీరింగ్ హౌస్ వ్యవహారంలో 1985లో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. సాంకేతిక పరిజ్ఞానమున్న డ్రాయింగులు, డిజైన్లు కూడా ప్లాంటేనంది.

చట్టంలోని నిర్వచనం పుస్తకాలను, వాహనాలను, శస్త్రచికిత్స పరికరాలను పేరుపెట్టి చేర్చుకుంది. తేయాకు తోటలోని మొక్కలను, పశువులను పేరుపెట్టి తీసేసింది. 1887లో ఒక ఇంగ్లిషు కోర్టు బండిగుర్రాన్ని యజమాని ప్లాంటులో భాగమేనని తేల్చింది. మన చట్టంలో మాత్రం షూటింగులకు అద్దెకిచ్చే గుర్రానికీ ఎడ్లకూ తరుగుదల రాదు. షూటింగులో వాడే ట్రైపాడ్‌కు వస్తుంది, సంగీత పాఠాలు చెప్పే టీచరు వీణకు వస్తుంది, న్యాయవాది బీరువాలోని పుస్తకాలకు వస్తుంది.

రేట్ల విషయానికొస్తే, కంప్యూటర్లకూ సాఫ్ట్‌వేర్‌కూ ఏడాదికి 40 శాతం. 2017-18కి ముందు 60 ఉండేది. ప్రింటరు, స్కానరు వంటివి కంప్యూటరులో భాగమేనని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది కాబట్టి వాటికీ అదే రేటు. మొబైల్ ఫోను కంప్యూటర్ కిందికి రాదని కేరళ హైకోర్టు తేల్చింది, దానికి 15. వృత్తిలో ఉన్నవాళ్ల పుస్తకాలకు 40, బల్లలకూ కుర్చీలకూ 10. కెమెరా, డ్రోను, కుట్టుమిషను, వీణ అన్నీ సాధారణ ప్లాంటు కింద 15. సొంత కారుకు 15, దాన్నే పసుపు ప్లేటుకు మార్చి కిరాయికి తిప్పితే 30. ఏటా మిగిలిన విలువ మీదే ఈ శాతం లెక్కిస్తారు. అదే ఏడాది కొని 180 రోజుల కన్నా తక్కువ వాడిన వస్తువుకు సగం రేటే వస్తుంది. ఈ సగం నిబంధనలో ఉన్న మాటలు ఆ ఏడాది కొన్నవాటి గురించే. రెండేళ్ల కిందట ఇంటికి కొని ఇప్పుడు పనిలో పెట్టినదానికి అది వర్తించదని వాదించడానికి ఆ మాటలే ఆధారం.

ఏ ధరకు?

అసలు చిక్కు ఇక్కడుంది. రెండు లక్షలు పెట్టి కొన్న కంప్యూటరు రెండేళ్లు ఇంట్లో వాడాక వృత్తిలోకి వచ్చింది. పద్దులో దాని విలువ ఎంత రాయాలి? బిల్లు మీద ఉన్న రెండు లక్షలా? ఈ రోజు అమ్మితే వచ్చే ధరా? మధ్యలో ఇంకేదైనా అంకెనా?

తరుగుదల లెక్కకు పునాది ‘అసలు ఖర్చు’ అని సెక్షన్ 43(1) చెబుతుంది. ఏయే సందర్భంలో అసలు ఖర్చు ఎంతన్నదానికి దాని కింద ఒక వరుస వివరణలున్నాయి. అయిదో వివరణ భవనాల గురించి. సొంతానికి ఉన్న ఇంటిని 1946 ఫిబ్రవరి 28 తర్వాత వ్యాపారంలోకి తెస్తే, కట్టిన ఖర్చులోంచి ఇన్నాళ్లూ వ్యాపారంలోనే ఉంటే ఎంత తరుగుదల వచ్చేదో అంత తీసేసి మిగిలింది చూపించాలి. స్వాతంత్య్రానికి ముందటి తేదీని కూడా మోసుకొస్తూ వచ్చిన ఈ వివరణ ఇంటిని పట్టించుకుంది. కెమెరానూ కంప్యూటర్నూ పట్టించుకోలేదు. చట్టం రాసిన కాలంలో మనిషి ఇంటినుంచి వ్యాపారంలోకి తెచ్చుకోగల పెద్ద వస్తువు ఇల్లేనని అనుకుని ఉంటారు. ఇప్పుడు వీధికో స్టూడియో, గదికో ఆఫీసు.

ఆ మౌనం వల్ల రెండు దారులు ఏర్పడ్డాయి. తీసివేత భవనాలకే రాశారు కాబట్టి మిగతావాటికి బిల్లు ధర పూర్తిగా రాయొచ్చన్నది మొదటి వాదన. చట్టం మాటలను బట్టి చూస్తే అందులో బలముంది. భవనానికి చెప్పిన న్యాయాన్నే వీటికీ పాటించి, ఇంట్లో వాడిన ఏళ్ల అరుగుదలను తగ్గించి రాయడం రెండోది. పై కంప్యూటరును 2023 జూన్‌లో కొన్నారనుకుందాం. రెండో దారిలో 2023-24కి 80,000, 2024-25కి 48,000 తీసేస్తే 2025 ఏప్రిల్ నాటికి మిగిలేది 72,000. దానిమీద 40 శాతం అంటే మొదటి ఏడు తరుగుదల 28,800. మొదటి దారిలో అయితే రెండు లక్షల మీద 80,000. తేడా 51,200 రూపాయలు.

నేనైతే రెండో దారి మేలంటాను. ఇంట్లో సినిమాలు చూడటానికి, పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు అరిగిన అరుగుదలను వృత్తి మీద వేయడం న్యాయం అనిపించదు. పైగా చిన్న వృత్తిదారుకు నోటీసు వస్తే దానికి జవాబు రాయించుకునే ఫీజే ఆ తేడాను మింగేస్తుంది. మొదటి దారిలో వెళ్లాలనుకునేవాళ్లు ఆడిటర్‌తో కూర్చుని, కారణాలు కాగితం మీద పెట్టుకుని వెళ్లాలి.

తాతగారి పుస్తకాలు, అమ్మమ్మ వీణ

వారసత్వంగానో కానుకగానో వచ్చిన వస్తువుకు చట్టం స్పష్టంగానే మాట్లాడింది. సెక్షన్ 43(1) రెండో వివరణ ప్రకారం, ఇచ్చినవారు ఎంతకు కొన్నారో అదే మీ ఖర్చు. అందులోంచి గడిచిన ఏళ్లకు రావలసిన తరుగుదల తీసేయాలి. వినడానికి న్యాయంగా ఉన్న ఈ సూత్రం మన ఇళ్లలోకి వచ్చేసరికి ఎలా పనిచేస్తుందో చూడాలి.

తాతగారు, తండ్రిగారు న్యాయవాదులైన ఇంట్లో మూడో తరం అమ్మాయి ప్రాక్టీసు పెడుతుంది. గోడ నిండా ఏఐఆర్, ఏఎల్‌టీ తీర్పుల సంపుటాలు. కొత్తగా కొనుక్కోవాలంటే లక్షలు. ఆమె పద్దులోకి వచ్చే విలువ మాత్రం సున్నాకు దగ్గర. పుస్తకాలకు ఒకప్పుడు తరుగుదల ఇప్పటికన్నా వేగంగా ఉండేది, ఏటేటా వచ్చే ప్రచురణలకైతే మొదటి ఏడే నూటికి నూరు శాతం. తండ్రిగారు ఆ లాభం అప్పుడే తీసుకున్నారు. ఒకే పుస్తకానికి రెండు తరాలు తరుగుదల చూపించుకోవడం కుదరదంటే ఒప్పుకోవలసిందే.

వీణ సంగతి వేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమానును తొలిచి చేసిన ఏకాండ వీణ ఒక ఇంట్లో ఉందనుకుందాం. అమ్మమ్మ దాన్ని కొన్న నాడు దాని ధర కొన్ని వందలు. అమ్మమ్మ ఎన్నడూ కచేరీ చేయలేదు, పాఠాలు చెప్పలేదు. మనవరాలు దానిమీద పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఈనాటి ధర వేలల్లో ఉన్నా, తరుగుదలకు ఆధారం అమ్మమ్మ ఇచ్చిన ఆ వందలే. అందులోంచీ ఏళ్ల తరుగుదల పోగా మిగిలేది లెక్కకు అందనంత చిన్న మొత్తం. అలాంటి వస్తువును తరుగుదల కోసం పద్దులోకి తేవడం దండగ. మేళాలు, తంతులు మార్పించుకోవడం మరమ్మతు ఖర్చు కిందికి వస్తుంది, ఆ ఏడాదే మొత్తం రాసుకోవచ్చు. టీచరమ్మకు నిజంగా ఉపయోగపడేది అదే. పుట్టింటి కుట్టుమిషనుకూ ఇదే వర్తిస్తుంది. మిషను విలువ కన్నా దానికి పెట్టించిన మోటారు బిల్లు, ఏటా చేయించే సర్వీసింగు బిల్లు జాగ్రత్త చేసుకోవడం మేలు.

ఒక హెచ్చరిక. అన్నయ్య దగ్గరున్న పాత యంత్రాన్ని ఎక్కువ ధరకు కొన్నట్టు రాసి తరుగుదల పెంచుకోవాలనుకోవద్దు. వేరొకరి వ్యాపారంలో వాడిన వస్తువును పన్ను తగ్గించుకోవడమే ప్రధాన ఉద్దేశంగా చేతులు మార్చారని అధికారి భావిస్తే, విలువను తానే నిర్ణయించే అధికారం చట్టం ఇచ్చింది.

సగం ఇంటికి, సగం పనికి

పగలు కోడు రాసే లాప్‌టాప్ మీదే రాత్రి ఇంటిల్లిపాదీ సినిమా చూస్తారు. క్లయింట్ దగ్గరకు వెళ్లే స్కూటర్ మీదే పిల్లల్ని బడిలో దింపుతారు. దీనికోసమే సెక్షన్ 38(2) ఉంది. పూర్తిగా వృత్తికే వాడని వస్తువుకు వాడకాన్ని బట్టి న్యాయమైన వాటా మేరకు తరుగుదల వస్తుంది. అదే వాటా మేరకు బీమా, మరమ్మతులు కూడా వస్తాయి. ఆ న్యాయమైన వాటా ఎంతో తేల్చేది అధికారి. అందుకే ఆయన అడిగేలోపే మీ దగ్గర ఒక లెక్క ఉండాలి.

లెక్క అంటే పెద్ద గ్రంథం అక్కర్లేదు. స్కూటర్‌కైతే ఒక నెల కిలోమీటర్లు నోటు పుస్తకంలో రాస్తే చాలావరకు తెలిసిపోతుంది. లాప్‌టాప్‌కైతే పనివేళలు, ఇన్వాయిస్‌లు, ఇంట్లో ఇంకో కంప్యూటరు ఉందా లేదా అన్నది. నూటికి నూరు శాతం వృత్తికే అని రాసి, ఇంట్లో మరో వాహనం లేకపోతే ఆ అంకె నిలవదు. 70 అని రాసి అందుకు కారణం చూపగలిగితే నిలుస్తుంది. నేను చూసినంతలో, నిజాయితీగా వాటా తగ్గించి రాసేవాళ్లకే ఆ తర్వాత ప్రశ్నలు తక్కువ.

ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు సొంత పని చేసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. జీతం మీద వచ్చేది స్టాండర్డ్ డిడక్షన్, కొత్త పన్ను విధానంలో 75,000. ఆఫీసు పనికి సొంత లాప్‌టాప్ వాడారని జీతంలోంచి ఇంకేమీ తగ్గదు. సొంత పనికి వాడిన వాటాకు మాత్రమే, ఆ పని ఆదాయంలోంచి, తరుగుదల వస్తుంది.

బిల్లు ఎవరి పేరున?

ఆడిటర్ దగ్గర జరిగే సంభాషణ చాలాచోట్ల ఇలా ఉంటుంది. “బిల్లుందా బాబూ?” “ఉందండీ, మా బావమరిది కార్డు మీద ఆఫరుంటే వాడితో కొనిపించాను.” “డబ్బు ఎలా తిరిగిచ్చారు?” “చేతికిచ్చానండీ.”

ఇందులో రెండు ముళ్లున్నాయి. తరుగుదల యజమానికే వస్తుంది. బిల్లు బావమరిది పేరున ఉంటే, కాగితం ప్రకారం యజమాని అతనే. ఆఫరు ఎవరి కార్డు మీదున్నా బిల్లు మీ పేరున తీసుకోండి, బాకీ బ్యాంకు ద్వారా తీర్చండి. రెండో ముల్లు నగదు. ఒకే రోజు ఒకే వ్యక్తికి 10,000 మించి నగదు ఇచ్చి ఆస్తి కొంటే, ఆ ఖర్చు తరుగుదల లెక్కలోకి రాదని 2017-18 నుంచి చట్టం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, కాస్త తగ్గుతుందని నోట్లు లెక్కపెట్టి కంప్యూటరు తెచ్చుకున్నవాళ్లు ఆ తగ్గింపు కన్నా ఎక్కువే పోగొట్టుకుంటున్నారు. ఆ రోజు అది ఇంటికోసమే అయినా, రేపు పనిలో పెట్టినప్పుడు అడిగే మొదటి ప్రశ్న డబ్బు ఎలా చెల్లించారన్నదే. యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఏదైనా సరే.

బిల్లు పోతే? ఆన్‌లైన్‌లో కొన్నదైతే పాత ఆర్డర్ల జాబితాలో చాలాసార్లు ఇంకా దొరుకుతుంది. దుకాణంలో కొన్నదైతే కార్డు స్టేట్‌మెంటు, వారంటీ నమోదు, సీరియల్ నంబరు కలిపి పెట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు అమ్మినవారి చేత ఒక కాగితం మీద ధర, తేదీ, సీరియల్ నంబరు రాయించుకుని సంతకం తీసుకోవాలి.

అన్నిటికన్నా విలువైన కాగితం వస్తువు పనిలోకి వచ్చిన తేదీ చెప్పేది. ఆ రోజు ఖాతాలో ఒక పద్దు రాస్తే చాలు: ఫలానా కంప్యూటరు, ఫలానా నంబరు, ఇంత విలువ, యజమాని మూలధనంగా తెచ్చినది. దాని పక్కన ఆ వస్తువుతో చేసిన మొదటి పని తాలూకు ఇన్వాయిస్ పెట్టండి. ఈ పద్దు పన్నుకే కాదు, బ్యాంకుకూ పనికొస్తుంది. ముద్రా రుణానికి వెళ్లినప్పుడు ఆ యంత్రం బ్యాలెన్స్ షీటులో మీ సొంత పెట్టుబడిగా కనిపిస్తుంది.

ఎవరికి లాభం, ఎవరికి కాదు

ఇక్కడ నిజం నిజంగా చెప్పాలి. ఇంతా చేసి చాలామంది చిన్నవాళ్లకు ఈ తరుగుదల వల్ల పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గదు. 2025-26 నుంచి కొత్త విధానంలో ఆదాయం 12 లక్షల దాకా రిబేటు వల్ల పన్నే లేదు. వీధిగదిలో కుట్టే ఆవిడకు ఇది పన్ను విషయమే కాదు. ఆమెకు తరుగుదల లెక్క పనికొచ్చేది జాకెట్టు కూలి కట్టుకునే దగ్గర. కొన్నేళ్లకు మిషను మార్చాల్సి వస్తుంది, ఆ డబ్బు కూలిలోంచే రావాలి.

కోడు రాసే అమ్మాయి ఏడాదికి 30 లక్షలు సంపాదిస్తోంది, ఖర్చులు 5 లక్షలు దాటవు. ఐటీ నోటిఫై చేసిన వృత్తి కాబట్టి సెక్షన్ 44ఏడీఏ ఆమెకు తెరిచి ఉంది. వసూళ్లలో సగం, అంటే 15 లక్షలు ఆదాయంగా చూపిస్తే చాలు, లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. వసూళ్లు 50 లక్షల దాకా, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా ఈ వెసులుబాటు. ఆమె లాప్‌టాప్ గురించి ఆలోచించకపోయినా నష్టం లేదు. అయితే ఈ పద్ధతిలో తరుగుదల వచ్చేసినట్టే లెక్క. ఆ ఏళ్లన్నీ వస్తువు విలువ పద్దులో చప్పుడు లేకుండా తగ్గుతూనే ఉంటుంది. తర్వాత మామూలు పద్ధతికి మారి పాత ధర మళ్లీ మొదటినుంచి చూపిస్తానంటే కుదరదు. మామూలు పద్ధతిలోనూ అంతే. తరుగుదల అడిగినా అడగకపోయినా ఇచ్చినట్టే లెక్కించాలని చట్టంలో ఉంది. మర్చిపోయిన ఏడాది తిరిగి రాదు.

ఇక కృష్ణానగర్ ఎడిటర్. సినిమా ఎడిటరు కూడా నోటిఫై చేసిన వృత్తే. అతని వసూళ్లూ 30 లక్షలే, కానీ గది అద్దె, ఇద్దరు అసిస్టెంట్ల జీతాలు, సాఫ్ట్‌వేర్ చందాలు, ఆడిట్ ఫీజు అన్నీ కలిపి 17.40 లక్షలు. సగం లెక్కన వెళితే 15 లక్షల మీద సెస్సుతో కలిపి పన్ను 1,09,200. నిజం లెక్కలో తరుగుదలకు ముందు ఆదాయం 12.60 లక్షలు, దానిమీద పన్ను 62,400. ఆ ఏడాది మే నెలలో కొన్న లక్ష రూపాయల మానిటరు, స్టోరేజీ మీద 40,000 తరుగుదల తీస్తే ఆదాయం 12.20 లక్షలు, పన్ను 20,800. ఇంటినుంచి తెచ్చిన పాత కంప్యూటరు తాలూకు 28,800 కూడా తీస్తే ఆదాయం 11,91,200. పన్ను సున్నా. నిర్మాతలు ముందే కోసుకున్న టీడీఎస్ మొత్తం వాపసు వస్తుంది. పద్దులో ఎక్కించని పాత కంప్యూటరు ఖరీదు ఈ ఒక్క ఏడే 20,800 రూపాయలు.

సగం కన్నా తక్కువ ఆదాయం చూపిస్తున్నాడు కాబట్టి అతనికి పుస్తకాలు, ఆడిట్ తప్పవు. ఆడిట్ నివేదికలో ప్రతి ఆస్తి అసలు ఖర్చు, తరుగుదల రాయాలి. కాబట్టి బిల్లు, తేదీ, వాటా గురించి పైన చెప్పుకున్నదంతా అతనికి తప్పనిసరి. ఆ పత్రాలు సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఆరేళ్లు దాచాలి.

జీఎస్టీ విషయంలో ఆశ పెట్టుకోవద్దు. కొత్తగా రిజిస్టరయ్యేవాళ్లకు చేతిలో ఉన్న సరుకు మీద క్రెడిట్ వస్తుంది కానీ, ముందే కొన్న యంత్రాల మీద రాదు. ఆ జీఎస్టీ వస్తువు ధరలో భాగంగానే ఉండి తరుగుదలలో కలుస్తుంది.

అమ్మేటప్పుడు

వస్తువును పద్దులోకి తేవడానికి ముందు ఆలోచించవలసిన విషయం ఒకటి మిగిలింది. సొంత వాడకంలో ఉన్న కెమెరాను కొన్నదానికన్నా ఎక్కువకు అమ్మినా పన్ను లేదు. ఆభరణాలు, చిత్రాలు వంటి కొన్నింటిని మినహాయిస్తే, ఇంటి వాడుక వస్తువులను చట్టం మూలధన ఆస్తిగానే చూడదు. వృత్తిలోకి తెచ్చి తరుగుదల తీసుకున్నాక ఆ రక్షణ పోతుంది. అమ్మిన డబ్బు ఆ రేటు కింద ఉన్న వస్తువుల మొత్తం విలువలోంచి తగ్గుతుంది. ఆ మొత్తం కన్నా ఎక్కువ వస్తే, మిగిలినది స్వల్పకాలిక మూలధన లాభం.

కంప్యూటరు, ఫోను వంటివి ఎటూ ధర పడిపోయేవే కాబట్టి భయం లేదు. ధర పెరిగేవాటి దగ్గరే జాగ్రత్త అవసరం. మంచి పాత లెన్సులు, చేతితో చేసిన వాద్యాలు, అరుదైన పుస్తకాలు ఏటా కొన్ని వందల తరుగుదల కోసం పద్దులోకి వెళ్లి, అమ్మిననాడు వేల రూపాయల పన్ను తెచ్చిపెట్టవచ్చు.

మూడు వాక్యాలు చాలు

ఉద్యోగం వదిలి సొంతంగా కాంట్రాక్టు పని మొదలుపెట్టిన తెలుగువాళ్లు బ్రిటన్‌లోనూ ఉన్నారు. ఇంటి వస్తువును ఏ ధరకు పద్దులో రాయాలన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర 2001 నాటి క్యాపిటల్ అలవెన్సెస్ చట్టంలో సూటిగా జవాబుంది. సొంత వస్తువును వ్యాపారంలోకి తెచ్చిన రోజున బజారులో దాని ధరే తరుగుదల లెక్కకు ఆధారం. కొత్తగా కొన్న యంత్రాలకు మొదటి ఏడే మొత్తం ఖర్చు రాసుకునే పెద్ద వెసులుబాటు, అంటే ఏడాదికి పది లక్షల పౌండ్ల దాకా, ఇలా ఇంటినుంచి తెచ్చినవాటికి లేదు. ఇచ్చేది తక్కువే అయినా, ఏం వస్తుందో ఏం రాదో చదివినవాడికి అర్థమవుతుంది.

మన చట్టం భవనానికి రాసింది, వారసత్వానికి రాసింది, బంధువుల మధ్య తప్పుడు ధరలకూ రాసింది. సొంత డబ్బుతో కొనుక్కున్న పనిముట్టును సొంత వృత్తిలో పెట్టుకున్న మనిషికి రాయలేదు. ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక వివరణ ఇవ్వాలి. అందులో మూడు వాక్యాలు చాలు. ఇంటినుంచి తెచ్చిన చరాస్తికి భవనాల సూత్రమే వర్తిస్తుందని ఒకటి. బిల్లు లేని చిన్న వస్తువుకు ఆనాటి బజారు ధరను యజమాని సొంత ప్రకటనతో ఒప్పుకుంటామని రెండోది. ఇరవై పాతిక వేల లోపు వస్తువు ధరను పనిలో పెట్టిన ఏడాదే పూర్తిగా రాసుకోవచ్చని మూడోది. చిన్న యంత్రాలను మొదటి ఏడే పూర్తిగా రాసుకునే వీలు 1990ల మధ్య దాకా మన చట్టంలోనే ఉండేది. అప్పటి పరిమితి 5,000 రూపాయలు.